గ్రూపులో లొల్లి ముదిరినప్పుడు కోపం ఆపుకుని జవాబు రాయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. వాట్సాప్ గ్రూపులో వాదన ముదిరితే చేతులు వణికేంత కోపం వస్తోంది, ఊరుకుంటే ఓడిపోయినట్టు ఉంటోంది, రాస్తే మాట జారుతోంది అంటున్నారు. హన్మకొండలో మా కాలనీ గ్రూపుకూ, మా పదో తరగతి బ్యాచ్ గ్రూపుకూ నేను అడ్మిన్‌ని. రెండిట్లోనూ లొల్లులకు కొదవ లేదు. నాకు పనికొచ్చింది చెప్తాను.

కోపం రావడం తప్పేమీ కాదు. అవతలి మనిషి అన్న ప్రతి మాటకూ జవాబు చెప్పి తీరాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. కోపంతో రాసిన మెసేజ్‌లో అసలు విషయం ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. మిగతాదంతా ఎత్తిపొడుపు, నింద, ఎప్పటిదో పాత కక్ష. ఆ ఒక్క వాక్యానికే జవాబు రాయండి. మిగతాది వదిలేస్తే ఒప్పుకున్నట్టు కాదు.

2023 జులై చివరి వానలు ఇక్కడివాళ్లు ఎవరూ మర్చిపోరు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మొత్తం మునిగింది. మా దగ్గర నయీంనగర్ నాలా పొంగింది, లోతట్టు కాలనీల జనం డాబాల మీదికెక్కి కూర్చున్నారు. మా కాలనీలో కింది గల్లీల్లో నడుము దాకా నీళ్లు. బియ్యం డబ్బాలు తేలాయి, పిల్లల సర్టిఫికెట్లు తడిసి ముద్దయ్యాయి. నీళ్లు తీసిన రాత్రి కింది గల్లీలో ఉండే ఒక పెద్దాయన గ్రూపులో ఇలా రాశాడు: "పైన ఉన్నోళ్లు నాలా పక్కన గోడ కట్టిండ్రు, మా ఇండ్లు ముంచిండ్రు. అడ్మిన్‌కు అన్నీ ఎరుకే, నోరు మెదపడు. ఆయనకేంది, ఇల్లు ఎత్తు మీదున్నది."

మా ఇల్లు ఎత్తు మీదున్న మాట నిజమే. కానీ వాన మొదలైనప్పటి నుంచి నేను ఆ గల్లీల్లోనే పాల ప్యాకెట్లు, మందులు మోస్తూ తిరిగాను. అది చదవగానే ఒళ్లు మండింది. ఫోన్‌లో నోట్స్ తెరిచి, "అన్నా, పొద్దున మీ ఇంటికి పాలు ఎవరు తెచ్చిండ్రో ఇంట్లోల్లను అడుగు" అని మొదలుపెట్టి మనసులో ఉన్నదంతా కక్కేశాను. తర్వాత లేచి మంచినీళ్లు తాగి వచ్చి ఆయన మెసేజ్ మళ్లీ చదివాను. అందులో తేల్చాల్సింది గోడ సంగతి ఒక్కటే. నా గురించి అన్నదంతా ఇల్లు మునిగిన మనిషి కడుపుమంట. చివరికి పంపింది ఇది:

"అన్నా, మీ ఇంట్ల అయిన నష్టం నేను చూసిన. గోడ నాలాకు ఆనుకొనే ఉన్నది, మీరన్నది నిజం. పొద్దున ఫోటోలు తీసి అందరం సంతకాలు పెట్టి దరఖాస్తు ఇద్దాం. మీరు ముందుండాలె."

పాల సంగతి ఎత్తలేదు. కాసేపటికి "సరే తమ్మీ, ఎన్నింటికి రావాలె" అని జవాబొచ్చింది. నేను చేసిన సాయం చెప్పుకుని ఉంటే ఆయన నోరు మూతపడేది, నిజమే. కానీ కష్టంలో ఉన్న మనిషి అందరి ముందు చిన్నబోయేవాడు, గోడ సంగతి అక్కడే ఆగిపోయేది.

ఇందులో నేను చేసిన రెండు పనులు మీరు కూడా చేయొచ్చు. ఒకటి, కోపంలో ఉన్నప్పుడు గ్రూపు తెరిచి అందులో టైప్ చేయకండి, వేరే చోట రాసుకోండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపు మార్చుకోవచ్చు, రెండు రోజుల దాకా అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. అయినా ఈలోపు ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు. వాయిస్ మెసేజ్ అసలే వద్దు, మాటకంటే గొంతు ఎక్కువ గాయం చేస్తుంది. రెండోది, పిలుపు మార్చకండి. నిన్నటిదాకా అన్నా, వదినా, కాకా అని పిలిచిన మనిషిని కోపంలో కూడా అలాగే పిలవండి. అన్నా అని మొదలుపెట్టాక తిట్టు రాయడానికి చెయ్యి అంత తొందరగా రాదు.

ఊరుకుంటే ఓడిపోయినట్టు ఉంటుందన్నారు కదా, దానికి నా మాట ఇది. గ్రూపులో కొట్లాడేది ఇద్దరో ముగ్గురో, చదివేవాళ్లు వందల్లో ఉంటారు. మా బ్యాచ్‌లో దుబాయ్‌లో, మస్కట్‌లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. డ్యూటీ దిగి రూముకొచ్చాక పొద్దుటి నుంచి వచ్చినవన్నీ ఒక్కసారే చదువుతారు. ఇక్కడ గంటల తరబడి సాగిన లొల్లి వాళ్లకు ఐదు నిమిషాల్లో కళ్ల ముందు ఉంటుంది. ఎవరు విషయం మాట్లాడారో, ఎవరు మనిషి మీద పడ్డారో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మీరు రాయాల్సింది వాళ్ల కోసం. మిమ్మల్ని తిట్టినాయన మనసు మారాలని రాస్తే మాత్రం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

2024 మే చివర్లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణం తీసేస్తున్నారన్న వార్త వచ్చినప్పుడు మా బ్యాచ్ గ్రూపు భగ్గుమంది. వరంగల్ కోటలో ఆ తోరణాలు చూస్తూ పెరిగిన మాకు బాధ ఉండదా? నాకూ ఉంది. కానీ "ఇదే కొత్త చిహ్నం" అంటూ ఎవరు గీశారో తెలియని బొమ్మలు వచ్చాయి, వాటి మీద పార్టీల పేర్లతో తిట్లు మొదలయ్యాయి. "ఈ బొమ్మ ఎక్కడిది తమ్మీ?" అని ఒక్క ప్రశ్న వేశాను. పంపినవాడికి కూడా తెలియదు. ఆ సాయంత్రానికి వేడి కొంత తగ్గింది. జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినం నాడు, వస్తుందన్న కొత్త చిహ్నం రాలేదు, వాయిదా పడింది. అప్పటికే చిన్ననాటి దోస్తులిద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఒక వార్త మీద కోపమొస్తే ముందు అది నిజమో కాదో అడగండి. నిజంగా తెలుసుకుందామని అడిగే ప్రశ్న అయితేనే పనిచేస్తుంది, ఎగతాళిగా అడిగితే ఇంకా మండుతుంది.

రెండుసార్లు రాసినా మాట తెగకపోతే గ్రూపులో ఆపి ఫోన్ చేయండి. ఒకే ఊళ్లో ఉంటే ఇంటికే వెళ్లండి. గ్రూపులో పులిలా ఉన్న మనిషి గుమ్మంలో కనపడగానే కుర్చీ వేసి చాయ్ పెట్టిస్తాడు, ఇది నేను చాలాసార్లు చూశాను.

అయితే అన్నీ మింగమని మాత్రం చెప్పను. కులం పేరుతోనో, మతం పేరుతోనో, ఆడవాళ్ల గురించో నీచంగా రాస్తే అక్కడ ఊరుకోవద్దు. అది చదివి ఏమీ అనలేక కూర్చున్న వాళ్లు అదే గ్రూపులో ఉంటారు. అప్పుడు కూడా పొడుగ్గా రాయకండి. "ఈ మాట తప్పు. తీసేయండి" అని ఆ మెసేజ్‌కే రిప్లై ఇవ్వండి. తీయకపోతే అడ్మిన్‌కు చెప్పండి, మెసేజ్ తీసేసే అధికారం అడ్మిన్‌కు ఉంటుంది. మా గ్రూపుల్లో అయితే ఒకసారి చెప్తాను, మళ్లీ రాస్తే నా సొంత బంధువైనా తీసేస్తాను.