కరోనా కాలంలో కౌలు రైతుకు, గోశాలకు ప్రభుత్వ సాయం అందిందా?

మీరు రెండు సంగతులు అడిగారు: లాక్‌డౌన్‌లో కౌలు రైతు చేతికి డబ్బు అందిందా, చందాలతో నడిచే ఊరి గోశాలకు ఏమైనా వచ్చిందా అని. నాది కోనసీమ, కొత్తపేట వైపు. రెండెకరాల వరి, ఎకరం అరటి, అంతా కౌలే. మా గోశాలకు గడ్డి తోలేదీ నేనే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేసరికి దాళ్వా (రబీ) వరి ఇంకా చేలోనే ఉంది, అరటి మాత్రం గెల కోతకొచ్చింది. బయటి లారీలు రాక వ్యాపారి గెల ముట్టుకోలేదు. కర్పూర గెలలు చెట్టు మీదే పండి రాలిపోతుంటే తోటలోకి వెళ్లడానికి కాళ్లు రాలేదండి.

ఏప్రిల్‌లో కేంద్రం పీఎం కిసాన్ కింద 2,000, మే 15న రాష్ట్రం రైతు భరోసా కింద 5,500 రూపాయలు వేశాయి. మా పొలం మీద వచ్చిన డబ్బు యజమాని గారి ఖాతాలోకే వెళ్లింది. ఆయన్ని తప్పుపట్టను, పాసుపుస్తకం ఆయనది. సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు రాష్ట్రం ఏడాదికి 13,500 ఇచ్చింది. నేను బీసీనే, కానీ సీసీఆర్‌సీ అనే కౌలు కార్డు కావాలి, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని ఆయన భయం. పంట రుణాల గడువు ఆగస్టు 31 దాకా పెంచి 4 శాతం వడ్డీయే ఉంచారు, మంచి పనే. నా అప్పేమో బయట, నూటికి రెండు రూపాయల వడ్డీకి.

ఇక గోశాల. ముప్ఫై పైచిలుకు పశువులు, ఎక్కువ ఒట్టిపోయిన ఆవులే. పెళ్లిళ్లు లేవు, గుడి తలుపులు మూశారు, చందాలు ఆగిపోయాయి. పశుగ్రాసానికి కేంద్రం మినహాయింపు ఇచ్చినా గడ్డి బండిని ఒకసారి వెనక్కి పంపేశారు. మర్నాడు ఆ ఉత్తర్వు కాపీ జేబులో పెట్టుకుని వెళ్తే వదిలారు. జూన్‌లో పశుసంవర్ధకానికి 15,000 కోట్ల నిధి అంటే ఎంతో ఆశపడ్డాం. అది డెయిరీ, దాణా ప్లాంట్ల లాంటివాటికి తీసుకునే అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ, మా ఆవులకు కాదు. జంతు సంక్షేమ బోర్డు గ్రాంటుకు బోర్డు గుర్తింపు ఉండాలి, మాది అప్పటికి కనీసం రిజిస్టర్ కూడా కాలేదు.

చివరికి నా అరటే పనికొచ్చింది. అరటి బొందల్ని (కాండాల్ని) కత్తితో చక్రాల్లా కోసి, తవుడు చల్లి పెట్టాం. మొదటిరోజు మూతి తిప్పుకున్నాయి. మూడో రోజుకి నా బండి చప్పుడు వింటే చాలు, లేచి నిలబడేవి. పండ్లు మాత్రం ఎక్కువ పెట్టొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు, కడుపు ఉబ్బుతుందట.

అందుకే చెబుతున్నా, కష్టం వచ్చాక కాగితాల కోసం తిరిగితే అందదు. రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే, యజమాని హక్కుకు ఏ ఢోకా లేదు. మరుసటి సంక్రాంతికి ఆ ఒప్పందం కాగితం ప్రింటు తీయించి, నాన్నని వెంటబెట్టుకుని వెళ్లాను. యజమాని గారు కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, సంతకం పెట్టారు. గోశాలను సొసైటీగా రిజిస్టర్ చేయించి, దాని పేరునే బ్యాంకు ఖాతా తెరిచి, ఏటా ఆడిట్ చేయిస్తున్నాం. మీ యజమాని ఊళ్లోనే ఉంటే ఈ సార్వా (ఖరీఫ్) నాట్లలోపే వెళ్లి మాట్లాడండి. ఒప్పందం ఫారం ముందే నింపి తీసుకెళ్లండి.