షెడ్డు పెడుతున్న అబ్బాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

రాకెట్ విడిభాగాలు చేసే షెడ్డు పెడుతున్నావని అన్నయ్య చెప్పాడు. సంతోషంతో ఆ రాత్రి నిద్రపట్టలేదురా. బాలానగర్‌లో ముప్ఫై ఏళ్లు మిషన్ల మధ్య గడిపినవాణ్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

మా రోజుల్లో ఇస్రో డ్రాయింగు ఇచ్చేది, మేం చేసిచ్చేవాళ్లం. 2020లో ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు తలుపులు తెరిచింది. ఇప్పుడు ప్రైవేటు అంతరిక్ష కంపెనీలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌స్పేస్ ఒప్పుకుంటే ఇస్రో పరీక్షా కేంద్రాలను కూడా వాడుకోవచ్చు. మన హైదరాబాదు స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ని 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది శ్రీహరికోట నుంచే కదా! అలాంటి చోటు సొంతంగా కట్టుకోవడం ఏ కుర్ర కంపెనీ తరం? ఆ సాయం మొహమాటపడకుండా అడుగు.

సర్కారు గ్రాంటుని మాత్రం రాబడి కింద రాసుకోకు. నాసా 2006లో అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే పని కోసం రెండు కంపెనీలను ఎంచుకుంది. ఒక్కో దశ పూర్తిచేస్తేనే డబ్బు. వాటిలో ఒకటైన రాకెట్‌ప్లేన్ కిస్లర్ బయటి పెట్టుబడి తేలేకపోతే మరుసటి ఏడాదే ఒప్పందం రద్దుచేసి, ఆ చోటు తర్వాత ఆర్బిటల్ అనే ఇంకో కంపెనీకి ఇచ్చారు. రెండోదైన స్పేస్‌ఎక్స్ మూడు ఫాల్కన్-1 రాకెట్లు పోగొట్టుకుని, 2008 సెప్టెంబరులో నాలుగోదాన్ని కక్ష్యకు చేర్చింది. డిసెంబరులో నాసా నుంచి 160 కోట్ల డాలర్ల ఆర్డరొచ్చింది. సర్కారు ఇలా సాయం చేస్తూనే పోటీ పెట్టడం నాకు చాలా నచ్చింది. మన దగ్గరా అలాగే జరగాలి.

నీకూ పోటీ తప్పదు. ఉపగ్రహాల విడిభాగాల తయారీలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి 2024లోనే దారి సుగమం చేశారు.

సరుకు కొనే ఒకే కంపెనీని నమ్ముకోకు. ఒక ఏడాది నేనలాగే నమ్ముకున్నాను. బిల్లు పదకొండు నెలలు ఆగింది. జీతాలివ్వలేక, చేతిలో బంగారంలాంటి పనితనమున్న ఇద్దరు మిల్లింగ్ కుర్రాళ్లను పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే సగం మిషన్ టైము పంపులకో, ఆసుపత్రి పరికరాలకో అట్టేపెట్టు.

ఇంకోటి. ఒకసారి నలభై టైటానియం బ్రాకెట్లు చేశాం. కొలతలన్నీ మైక్రాన్లతో సహా సరిపోయాయి. కానీ కడ్డీ కోసేటప్పుడు అది ఏ పోతలోదో చెప్పే హీట్ నంబరున్న కొస తెగి తుక్కులో కలిసిపోయింది. ఏ కడ్డీలోంచి వచ్చాయో రుజువు చూపలేకపోయాం, లాటంతా తిరిగొచ్చింది. రంపం పెట్టకముందే మిగిలే ముక్క మీద కూడా ఆ నంబరు కొట్టించు. నంబర్లు కొట్టే నా పంచ్‌ల సెట్టు అటక మీదే ఉంది. వచ్చే ఆదివారం తీసుకొస్తాను.

మీ బాబాయి