డ్రోన్ ఎగరేసే ముందు ప్రతిసారీ కంపాస్ కాలిబ్రేషన్ (దిక్కులు చూపే దిక్సూచిని సరిచేయడం) చేయాలా?

అక్కర్లేదు. డ్రోన్ల తయారీ కంపెనీ డీజేఐ ఇచ్చే చాలా మాన్యువల్స్ ప్రకారం చివరిసారి ఎగరేసిన చోటికి 50 కిలోమీటర్లకు పైగా దూరం వెళ్లినా, 30 రోజులకు మించి వాడకపోయినా, యాప్ అడిగినా చేస్తే చాలు.

అసలు చిక్కు ఎక్కడ చేస్తున్నామన్నదే. డాబా మీద చేస్తే స్లాబ్‌లోని ఇనుప చువ్వల అయస్కాంత ప్రభావాన్ని కూడా కలుపుకొని తప్పుడు లెక్క సేవ్ అవుతుంది. పైకెళ్లాక ఆ ఇనుము ఉండదు, లెక్క మాత్రం అలాగే ఉంటుంది. దాంతో ఒకచోట నిలబడాల్సిన డ్రోన్ సుడి తిరుగుతూ పక్కకు జారిపోవచ్చు. అలాంటి కాలిబ్రేషన్ కన్నా పాతదే నయం.

యాప్‌లో ఇంటర్‌ఫియరెన్స్ (చుట్టుపక్కల అయస్కాంత ఆటంకం ఉంది) అని వస్తే కంగారుగా కాలిబ్రేట్ చేయకండి, ముందు చోటు మార్చండి. చాలాసార్లు హెచ్చరిక దానంతటదే పోతుంది. కార్లకు, కరెంటు తీగలకు దూరంగా మట్టి నేల చూసుకోండి. జేబులోని తాళాలు, ఫోన్ పక్కన పెట్టేయండి.