అమీబాకు ఏ చక్కెర కావాలి?

ప్రశ్న: మన పేగు కణాల మీదున్న చక్కెరలను గుర్తుపట్టి అమీబా అంటుకుంటుందని పాఠంలో చదివాను. కళ్లూ ముక్కూ లేని ఏకకణ జీవి ఎలా గుర్తుపడుతుంది? చక్కెర తినడం మానేస్తే అంటుకోదా, మేడమ్?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: తినడం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే చక్కెర అనగానే అందరి ధ్యాసా పంచదార డబ్బా మీదికే పోతుంది. మానేసినా లాభం లేదమ్మా. అమీబా పట్టుకునేది మీరు తిన్నదాన్ని కాదు, కణం తన త్వచం, అంటే తనను చుట్టి ఉన్న పలుచని పొర, మీద తానే అల్లుకున్న గొలుసుల కొసలను. త్వచంలోని ప్రోటీన్లకూ కొవ్వులకూ చక్కెర గొలుసులు తగిలించి బయటికి నిలపడం ప్రతి కణమూ చేసే పనే. ఆ గొలుసు చివర ఏ చక్కెర ఉందన్నదే అసలు విషయం.

జిగట విరేచనాలకు, కాలేయంలో చీముగడ్డకు కారణమయ్యే ఎంటమీబా హిస్టోలిటికాకు కావలసినవి గాలక్టోజ్, దాని దగ్గరి బంధువు ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్. గ్లూకోజ్ జోలికి అది పోదు. గ్లూకోజ్‌లోనూ గాలక్టోజ్‌లోనూ ఉన్నవి అవే ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. నాలుగో కార్బన్ మీది హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంట) ఒకదానిలో ఒక వైపుకు, రెండోదానిలో మరో వైపుకు తిరిగి ఉంటుంది, అంతే తేడా. ఆ చిన్న మలుపునే అమీబా పట్టించుకుంటుంది.

ఎలా అంటారా? తాకి. దాని ఒంటి మీద లెక్టిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అందులో 170 కిలోడాల్టన్ల (అణువుల బరువుకు కొలత ఇది) బరువైన భాగం త్వచాన్ని చీల్చుకుని లోపలికీ బయటికీ నిలబడుతుంది. చక్కెరను పట్టే గుంట ఉన్నది దీనిలోనే. సుమారు 31 నుంచి 35 కిలోడాల్టన్ల తేలిక భాగం గంధకపు బంధాలతో దానికి జతపడి ఉంటుంది. 150 కిలోడాల్టన్ల మూడో భాగం మాత్రం అలాంటి బంధం లేకుండానే వెంట ఉంటుంది. గుంటలో హైడ్రాక్సిల్ సరైన వైపున ఉంటే హైడ్రోజన్ బంధాలు కుదురుతాయి, లేకపోతే కుదరవు. ఇందులో తెలివీ లేదు, వెతుకులాటా లేదు.

1981లో జొనాథన్ రావ్డిన్, రిచర్డ్ గెరాంట్ అమీబానూ ప్రయోగశాలలో పెంచిన కణాలనూ కలిపి, ఆ ద్రవంలో ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్ వేసి చూశారు. అంటుకోవడం తగ్గిపోయింది, కణాలు చావడమూ తగ్గిపోయింది. 1987లో విలియం పెట్రీ బృందం ఆ లెక్టిన్‌నే విడదీసి చూపింది. నాకు వీటికన్నా నచ్చినవి ఉత్పరివర్తన కణాలతో, అంటే జన్యువు మారిన కణాలతో, చేసిన ప్రయోగాలు. గొలుసులకు గాలక్టోజ్ తగిలించడం చేతకాని కణాలను అమీబా సరిగా పట్టుకోలేకపోయింది. గాలక్టోజ్‌ను కప్పి ఉంచే సయాలిక్ ఆమ్లం లేని కణాలను మాత్రం మామూలు కణాలకన్నా బాగా పట్టుకుంది. మూత తీస్తే పట్టు పెరుగుతుందన్నమాట. ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం ఇంకేం కావాలి!

ఒక్క గాలక్టోజ్‌కూ ఒక్క గుంటకూ మధ్య బంధం మాత్రం బలహీనమే. ఉత్తరేణి గింజ చీర అంచుకు అంటుకునేది ఒక్క ముల్లుతో కాదు కదా, ఇక్కడా అదే తీరు. ఒకే ప్రోటీన్ మీద ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్‌ను గుంపుగా అతికించి పరీక్షిస్తే, విడి చక్కెరతో పోల్చినప్పుడు పట్టు లక్షకు పైగా రెట్లు పెరిగింది. అందుకే కొసన ఏముందన్నది ఎంత ముఖ్యమో, కొసలు ఎంత దట్టంగా ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం.

ఈ లెక్కలో మనకు కలిసివచ్చేది పెద్దపేగు గోడను కప్పి ఉండే జిగురు పొర. దానిలోని మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్ నిండా అమీబాకు కావలసిన చక్కెరలే. లెక్టిన్ వాటినే గట్టిగా పట్టుకుంటుంది, కణం దాకా చేరదు. సోకినవారిలో ఎక్కువమందికి ఏ బాధా లేకపోవడానికి ఈ పొర కూడా ఒక కారణం. అమీబా తన సిస్టీన్ ప్రోటియేజులతో (ప్రోటీన్లను కోసే ఎంజైములతో) మ్యూసిన్‌ను కోసుకుని లోపలికి దిగినప్పుడే గొడవ మొదలవుతుంది. లెక్టిన్ కణాన్ని పట్టిన కొద్దిసేపటికే ఆ కణంలో కాల్షియం ఎగబాకుతుంది. కణాన్ని చంపి మింగుతుందనే చాలాకాలం అనుకున్నారు. బతికి ఉన్న కణాన్నే ముక్కలు ముక్కలుగా కొరుకుతుందనీ, ఆ కొరుకుళ్లకే కణం చస్తుందనీ 2014లో కేథరిన్ రాల్‌స్టన్ తదితరులు చూపారు. గాలక్టోజ్ వేస్తే ఆ కొరకడమూ ఆగుతుంది.

వెచ్చని స్లైడు మీద ఈ జీవిని చూసే అవకాశం వస్తే వదులుకోకండి. కాలులా చాచే మిథ్యాపాదం గాజులా తేటగా ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తుంది, గరుకు గరుకుగా ఉన్న లోపలి పదార్థం దాని వెనకే ప్రవహిస్తుంది, అందులో మింగిన ఎర్ర రక్తకణాలు గుండ్రంగా కనిపిస్తాయి. స్లైడు చల్లబడితే ఆట ముగిసినట్టే.

ప్రశ్న: అయితే గాలక్టోజ్ కలిపిన నీళ్లు తాగితే అమీబా పట్టు వదిలేస్తుందా డాక్టరు గారూ? పరీక్షలో నాకు 'అమీబా ఉంది' అని వచ్చింది.
– ఒక పాఠకుడు

జవాబు: వదలదండీ. పరీక్షనాళికలో పనిచేసే గాఢత పెద్దపేగులో నిలవాలి కదా. తాగిన గాలక్టోజ్ చిన్నపేగులోనే రక్తంలోకి పోతుంది. మిగిలినదేమైనా ఉంటే కింద ఉన్న బాక్టీరియా ఊరుకోవు.

మీ రిపోర్టు సంగతి కొంచెం కోపంగానే చెప్పాలి. ఎంటమీబా డిస్పార్ అని మరొకటి ఉంది. హాని చేయదు. దాని మీదా ఇలాంటి లెక్టినే ఉంది, గాలక్టోజ్‌నే పడుతుంది, సూక్ష్మదర్శినిలో అచ్చం హిస్టోలిటికాలాగే కనిపిస్తుంది. పట్టుకోవడం ఒక్కటే రోగం తేదని దీన్నిబట్టే తెలుస్తుంది. కోశాలు (గట్టి గోడ కట్టుకుని ఉన్న అమీబాలు) కనపడగానే 'అమీబా' అని రాసి పంపే రిపోర్టు నాకు సగం రిపోర్టే. రెండు లెక్టిన్ల మధ్య ఉన్న కొద్దిపాటి తేడాను ప్రతిరక్షకాలతో పసిగట్టే మల పరీక్ష ఉంది, డీఎన్ఏను బట్టి గుర్తించే పీసీఆర్ ఉంది. మీ డాక్టరును అడగండి. హిస్టోలిటికాయే అని తేలితే, బాధ ఉన్నా లేకపోయినా చికిత్స తీసుకోవాలి. మెట్రోనిడజోల్ కణజాలంలో ఉన్నవాటిని చంపుతుంది. పేగు లోపల మిగిలిన కోశాల కోసం పారోమోమైసిన్ లాంటి మరో మందు కావాలి. మొదటిదానితో నెమ్మదించిందని రెండోది మానేసేవారు చాలామంది. మీరు మానకండి.

ప్రశ్న: కంటి లెన్సులు వాడేవారికి అమీబా పట్టుకుంటుందట. అదీ ఇదేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదు, అది అకాంతమీబా. మట్టిలో, నీళ్లలో స్వేచ్ఛగా బతికేది. దీనికి కావలసిన చక్కెర మానోజ్. కార్నియా (కంటి ముందున్న తేట పొర) కణాల మీది మానోజ్‌ను పట్టే ప్రోటీన్ దాని త్వచంలో ఉంది. మానోజ్ తగిలితే ఆ అమీబా కణాలను కరిగించే ప్రోటియేజును వదులుతుంది కూడా. గీసుకుపోయిన కార్నియాకు మరింత సులువుగా అంటుకుంటుంది. లెన్సులను గానీ వాటి డబ్బాను గానీ కుళాయి నీళ్లతో కడగకండి, లెన్సులు పెట్టుకుని ఈత కొట్టకండి. కన్ను ఎర్రబడి, కనిపించే ఎరుపుకు మించిన నొప్పి ఉంటే లెన్సు తీసి ఆ రోజే కంటి వైద్యుల దగ్గరకు వెళ్లండి. లెన్సులు వాడతానని వాళ్లు అడగకముందే చెప్పండి.