‘ముద్రణలో’ అంటే ఎప్పటికి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విశ్వవిద్యాలయాలు వేసే పుస్తకాల గురించీ, వేస్తామని చెప్పి వేయని పుస్తకాల గురించీ ఉన్నాయి. అందుకే ఈ నెల పేజీ వాటికే.

ప్రశ్న: ఒక విశ్వవిద్యాలయ ప్రచురణల జాబితాలో నాకు కావలసిన పుస్తకం రెండేళ్లుగా ‘ముద్రణలో’ అనే ఉంది. ముందే డబ్బు కట్టమంటున్నారు. కట్టవచ్చా?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, నల్లగొండ

జవాబు: ‘ముద్రణలో’ అన్నంత మాత్రాన కాగితం మెషిన్ ఎక్కిందని కాదు. పరిశీలకులు రాతప్రతి చదివి పంపి, రచయిత సవరణలు చేసి, డీటీపీ (కంప్యూటర్ మీద పేజీల కూర్పు) మొదలైతే చాలు, ఆ మాట వాడేస్తారు. ఆ తర్వాత ఇంకా ప్రూఫులు, పదసూచిక, ముఖచిత్రం ఉంటాయి. పని ఎక్కువగా ఆగేది ప్రూఫు రచయిత ఇంట్లో ఉండిపోయినప్పుడు, లేదా పాత ఫొటోలకు అనుమతి రానప్పుడు. పేజీలు ఖాయమయ్యాక గానీ పదసూచిక తయారు కాదు. ఆఖరి నిమిషంలో ఒక పేరా చేరిస్తే పేజీలు జరిగి సూచికంతా మళ్లీ చేయాల్సిందే.

మీరు చూడాల్సింది పేజీల సంఖ్య, ధర. పేజీలు తేలితేనే ఎన్ని ఫారాలో (ఒక షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టలు) తేలుతుంది, ఫారాలు తేలితేనే ధర కడతారు. జాబితాలో ఈ రెండూ ఉంటే లోపలి పని దాదాపు అయినట్టే. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఒక్కటే చూసి నమ్మకండి, దాన్ని అచ్చుకు ఎంతో ముందే తీసుకోవచ్చు. ధర లేని పుస్తకానికి డబ్బు కట్టకండి. రాగానే తెలపమని ఒక ఉత్తరం రాసి ఊరుకోండి.

ప్రశ్న: పాలమూరు వలస కూలీల పాటల మీద పీహెచ్‌డీ చేశాను. పుస్తకంగా వేయమని విశ్వవిద్యాలయానికి పంపాలనుకుంటున్నాను. ఉన్నదున్నట్టు పంపవచ్చా?
– పరిశోధకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పంపకండి. సిద్ధాంత గ్రంథం పరీక్షకుల కోసం రాసింది, దాన్ని పాఠకుడు కొని చదవడు. పరిశోధన ఉద్దేశం, పద్ధతి, పూర్వ పరిశోధనల సమీక్ష అన్నీ కలిపి నాలుగైదు పేజీల ముందుమాటకు కుదించండి. ప్రతి అధ్యాయం చివర చెప్పిందే మళ్లీ చెప్పే పేరాలు, ప్రశ్నావళి తీసేయండి. పాటలను మాత్రం అనుబంధంలోకి తోయకండి, మీ దగ్గరున్న అసలు సరుకు అదే. ప్రతి పాట కింద పాడినవారి పేరు, ఊరు, సేకరించిన తేదీ ఉండాలి. పేరు వేయడానికి వారి ఒప్పుకోలు కాగితం మీదో రికార్డులోనో ఉండాలి.

యాస దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి. ‘ఒస్తుండు’, ‘గీడ’, ‘ఏడికి’ లాంటివి కనిపిస్తే డీటీపీ చేసేవారు మంచి ఉద్దేశంతోనే దిద్దేస్తారు. రెండు పేజీల పదాల పట్టిక తయారుచేసి, ‘వీటిని మార్చరాదు’ అని రాతప్రతికి జతచేయండి. ఒకే పాటలో ‘ఒస్తుండు’, ‘వస్తుండు’ రెండూ ఉంటే పాడినామె అట్లా పలికిందా, మీ చేయి తప్పిందా అన్నది రికార్డు మళ్లీ విని తేల్చుకోండి.

మీ ఫైలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చాక ఒకసారి మొత్తం చదవక తప్పదు. మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలు తెలుగు అక్షరాల గజిబిజిగా మారిపోతాయి. ఱ, ఋ, అరసున్న ఉన్నచోట్లు విడిగా వెతకండి. పొల్లు తర్వాత అక్షరం అతుక్కోకుండా ఆపే కనిపించని గుర్తు జారిపోతే ‘మహబూబ్‌నగర్’ కాస్తా ‘మహబూబ్నగర్’ అవుతుంది, ‘నాగర్‌కర్నూల్’ గతీ అంతే. మీ పుస్తకం నిండా ఆ ఊళ్ల పేర్లే కదా!

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు కాలపరిమితి రాశారా చూడండి. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చిన పత్రంలో కాలం లేకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం లేకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కిస్తారు. తీసుకున్న హక్కును ప్రచురణకర్త ఏడాదిలోగా వాడకపోతే అది మీకే తిరిగి వస్తుంది, పత్రంలో వేరేగా రాసుకోకుంటేనే సుమా. పై ఉత్తరంలోలాగా రెండేళ్లు ‘ముద్రణలో’ ఉండిపోయిన పుస్తకాల రచయితలు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

ప్రశ్న: తెలుగు విశ్వవిద్యాలయం పేరు మారింది కదా, పాత పుస్తకాలను ఉదహరించేటప్పుడు ఏ పేరు రాయాలి?
– ఎం.ఏ. విద్యార్థి, వనపర్తి

జవాబు: పుస్తకం లోపలి పేజీలో ఏది అచ్చయి ఉంటే అదే. 1985లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి 2025లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పాత పుస్తకాల మీద వట్టి ‘తెలుగు విశ్వవిద్యాలయం’ అనో, పొట్టి శ్రీరాములు పేరుతోనో ఉంటుంది, ఉన్నదే రాయండి. గ్రంథాలయాల్లో వెతికేటప్పుడు మాత్రం అన్ని పేర్లతోనూ వెతకండి.

ప్రశ్న: సురవరం రచనలను మా గ్రంథాలయం తరఫున తిరిగి అచ్చువేయవచ్చా?
– సూర్యాపేట

జవాబు: వేయవచ్చు. ఆయన 1953లో కన్నుమూశారు. మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ల కాపీరైట్ కాలం లెక్కిస్తే, ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు 2013 చివరితో హక్కులు తీరాయి. అయితే తర్వాతివారు రాసిన పీఠికలు, వివరణలు వాళ్లవే. అందుకని తొలి ముద్రణ నుంచే పాఠం తీసుకోండి. 1934లో ఆయన సంకలనం చేసిన ‘గోలకొండ కవుల సంచిక’ సంగతి వేరు. అందులో 354 మంది కవులున్నారు, ఎవరి పద్యానికి వారి మరణం నుంచి విడివిడిగా లెక్క కట్టాలి.

ప్రశ్న: మా సాహితీ సంఘం 208 పేజీల పుస్తకం 500 కాపీలు వేస్తోంది. కాగితం ఎంత? ఐఎస్‌బీఎన్ తప్పనిసరా?
– కల్వకుర్తి

జవాబు: డెమీ 1/8 సైజులో (డెమీ షీటులో ఎనిమిదో వంతు) ఫారానికి 16 పేజీలు, అంటే మీది 13 ఫారాలు. ఫారానికి ఒక డెమీ షీటు చొప్పున 6,500 షీట్లు, రీముకు 500 చొప్పున 13 రీములు. తరుగు కింద మరో రీము పెట్టుకోండి. 18×23 అంగుళాల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) రీము సుమారు 9.3 కిలోలు తూగుతుంది. 210 పేజీలు చేశారంటే ఆ రెండు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు, కాబట్టి ముందుమాటను అక్కడే కత్తిరించండి.

ఐఎస్‌బీఎన్ చట్టరీత్యా తప్పనిసరి కాదు. కానీ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, తీసుకోండి. అట్ట బైండుకు, మామూలు బైండుకు వేర్వేరు నంబర్లు కావాలి. మార్పుల్లేని పునర్ముద్రణకు పాతదే సరిపోతుంది. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం (డెలివరీ ఆఫ్ బుక్స్ యాక్ట్) ప్రకారం అచ్చయిన 30 రోజుల్లోగా కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కొక్కటి పంపాలి. పంపకపోతే జరిమానా 50 రూపాయల వరకూ, పుస్తకం విలువాను. ఆ జరిమానాకు భయపడి పంపేవారెవరూ ఉండరు గానీ, పంపితే జాతీయ గ్రంథసూచిలో మీ పుస్తకానికి చోటు దొరుకుతుంది.

పాఠకులకు పంపడానికి తపాలాశాఖ 2025 మే 1న పుస్తకాల కోసం మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ చూడండి. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. మీ పుస్తకం అట్టతో కలిపి 240 గ్రాముల దాకా ఉంటుంది, కవరు తేలికది వాడితే ఆ లోపే సరిపోతుంది. 80 జీఎస్‌ఎం కాగితానికి వెళ్తే కవరుతో కలిపి 300కు అటూ ఇటూ తూగుతుంది. అచ్చుకిచ్చే ముందే ఒక డమ్మీ (ఖాళీ కాగితాల నమూనా పుస్తకం) కట్టించి తూచుకోండి.