తాతగారి ట్రంకు పెట్టెను లైబ్రరీకి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టె నిండా పాత ఉత్తరాలు, ఊరి సంఘం మినిట్స్ పుస్తకాలు, కరపత్రాలు, గ్రూప్ ఫొటోలు, రసీదుల కట్టలు ఉన్నాయి. లైబ్రరీలోని స్థానిక చరిత్ర విభాగంవాళ్లు భద్రపరుస్తామని అడుగుతున్నారు. పనికొచ్చేవి ఏరి, చిరిగినవాటికి టేపు అంటించి, మిగతావి పారేసి ఇద్దామనుకుంటున్నాను. సరేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా ఇవ్వండమ్మా. కానీ దయచేసి ఏరకండి. టేపు అసలే వద్దు.

నేను ఇరవై రెండేళ్లు ఇలాంటి విభాగంలోనే పనిచేశాను. చేరిన కొత్తలో ఒక కుటుంబం ఇచ్చిన ఉత్తరాల కట్ట నా చేతికొచ్చింది. బీరువాలో చోటు కలిసొస్తుందని కవర్లు తీసేసి, ఉత్తరాలు మాత్రం పేర్చాను. చాలావాటిలో పైన ‘బుధవారం’ అని తప్ప తేదీ లేదు. సంవత్సరమూ, ఊరూ కవరు మీది పోస్టు ముద్రలోనే ఉన్నాయి. ఆ సంగతి తట్టేసరికి కవర్లు చెత్తలో కలిసిపోయాయి. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

ఏ కాగితం పక్కన ఏది ఉందో అదీ సమాచారమే. రసీదుల మధ్య ఒక ఉత్తరం కనిపిస్తే, తాతగారు దాన్ని అక్కడ ఏదో కారణంతోనే పెట్టి ఉండొచ్చు. కట్టలు ఎలా ఉన్నవి అలాగే ఇవ్వండి. ఆ రసీదులనూ పారేయకండి. ఏ ఏడాది ఏ సరుకు ఎంతకు అమ్మారో, ఏ వీధిని అప్పట్లో ఏమని పిలిచేవారో వాటిలోనే దొరుకుతుంది.

టేపు జిగురు కొన్నేళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకవుతుంది. లామినేషన్ ఇంకా ప్రమాదం, వేడితో అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ తీయడం చాలా కష్టం. చిరుగులు లైబ్రరీవాళ్లకే వదిలేయండి. తెలిసినవాళ్లు పల్చటి జపాన్ కాగితాన్ని గోధుమ పిండి గంజితో అతికిస్తారు, అవసరమైతే తడిపి తీసేయొచ్చు కూడా. పేపరు కటింగులుంటే వాటికి అటూ ఇటూ ఆమ్లం లేని కాగితం పెట్టండి. కలప గుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్ తాను పచ్చబడడమే కాక పక్క కాగితాన్నీ మరక చేస్తుంది.

ఇక మీరు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది. ఫొటోల్లోవాళ్లను గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి. ఎడమ నుంచి ఒక్కొక్కరి పూర్తి పేరు రాసుకోండి. ‘పెద్దత్తయ్య’ అని రాస్తే యాభై ఏళ్ల తర్వాత చూసేవారికి ఎవరి అత్తయ్యో ఎలా తెలుస్తుంది? ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా ఒక నంబరు వేసి, పేర్లు వేరే కాగితం మీద రాయండి. బాల్‌పెన్ వాడితే గీత ముందువైపుకి ఉబ్బుతుంది.

ఇచ్చేముందు అది పూర్తిగా దానమో, లేక హక్కు మీ దగ్గరే ఉంచుకుని భద్రపరచడానికి మాత్రమే చేసే అప్పగింతో రాతపూర్వకంగా తీసుకోండి. సొంత విషయాలున్న ఉత్తరాలను కొన్నేళ్లు ఎవరికీ చూపొద్దని షరతు పెట్టే వీలుందేమో అడగండి. ఉత్తరం మీ దగ్గరున్నా, అందులోని రాతపై కాపీరైట్ సాధారణంగా రాసినవారిది, వారి తర్వాత వారసులది. స్కాన్ ప్రతులు మీకూ ఇమ్మనండి.

ఈలోగా పెట్టెను అటకెక్కించకండి, అక్కడి వేడికి కాగితం త్వరగా పెళుసెక్కుతుంది. మూత లోపలివైపు ఏదైనా అంటించి ఉందేమో చూడండి. ఉంటే పీకకుండా పెట్టెతో సహా ఇచ్చేయండి.