వానలో రేడియోమీటర్ చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

హరికేన్ తీరం దాటే చోట నేలమీద మైక్రోవేవ్ రేడియోమీటర్ పెట్టి ఉష్ణోగ్రతనూ తేమనూ కొలుస్తారని చదివారనీ, అయితే వాన పడితే అది పనికిరాదని కూడా విన్నారనీ, అలాంటప్పుడు దాన్ని అక్కడ పెట్టడం దేనికనీ అడిగారు. మెక్సికో సింధుశాఖ తీరాన, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు వాయవ్య కొస అయిన పాన్‌హ్యాండిల్‌లో, ట్రైలర్ మీద బిగించిన ఇలాంటి పరికరాన్ని చూసుకొనే బృందంలో నేను రెండు హరికేన్ సీజన్లు పనిచేశాను. మీరు విన్నది సగమే నిజం.

ఈ పరికరం రాడార్‌లాగా తరంగాలను పంపదు. గాలి తనంతట తాను వెలువరించే అతి బలహీనమైన మైక్రోవేవ్ వికిరణాన్ని అందుకుంటుంది, అంతే. నీటి ఆవిరి 22.235 గిగాహెర్ట్జ్ వద్ద, ఆక్సిజన్ 60 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల బలంగా వికిరణం వెలువరిస్తాయి. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా దాదాపు ఒకటే కాబట్టి, ఆ సంకేతంలో కనిపించే హెచ్చుతగ్గులు ప్రధానంగా ఉష్ణోగ్రతవే. పరికరం విడివిడిగా అందుకొనే ఒక్కో పౌనఃపున్యాన్ని చానెల్ అంటారు. 58 గిగాహెర్ట్జ్ దగ్గరి చానెల్ కొన్ని వందల మీటర్లకు మించి చూడలేదు, 51 దగ్గరిది చాలా పైదాకా చూస్తుంది. ఈ తేడాలోంచే ఏ ఎత్తున ఎంత వేడి ఉందో లెక్కగడతారు. ఎంపీ-3000ఏ అనే నమూనాలో 35 చానెళ్లు, హాట్‌ప్రో అనే మరో నమూనాలో 14 ఉంటాయి. అయితే చానెళ్లు పెరిగినంత మాత్రాన సమాచారం అదే లెక్కన పెరగదు, ఎందుకంటే పక్కపక్క చానెళ్లు చాలావరకు ఒకే మాట చెబుతాయి. నిలువునా ఉండే మొత్తం నీటి ఆవిరిని ఇది చక్కగా కొలుస్తుంది గాని, 3 కిలోమీటర్ల ఎత్తులో పలుచని పొడిగాలి పొర ఉంటే దాన్ని అలికేసినట్లు చూపిస్తుంది. మేము పక్కనే వదిలిన, కొలత పరికరాలు మోసుకెళ్లే బెలూన్‌లో ఆ పొర కత్తితో కోసినంత స్పష్టంగా కనిపించిన రోజున కూడా రేడియోమీటర్ గీతలో చిన్న వంపు మాత్రమే ఉంది.

ఇక వాన సంగతి. పెద్ద చినుకులు వికిరణాన్ని వెలువరిస్తాయి, చెదరగొడతాయి కూడా. అది ఒక ఇబ్బంది. అంతకన్నా మోసకారి, పరికరం కప్పు మీద నిలిచే నీటిపొర. ఒక సాయంత్రం, తుపాను కేంద్రం ఇంకా 200 కిలోమీటర్ల దూరంలో ఉండగానే, మా తెరమీద పై పొరల ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు ఒక్కసారిగా పెరిగింది. హరికేన్ కేంద్రంలో పై భాగం వెచ్చగా ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి, మాలో ఒక విద్యార్థికి అదే కనిపించిందన్న సంబరం కలిగింది. వాన పట్టీ (తుపాను చుట్టూ తిరిగే వాన మబ్బుల వరుస) దాటిపోయాక నేను నిచ్చెన ఎక్కి చూస్తే, నీటిని జారవిడవవలసిన పూత ఒకవైపు అరిగిపోయి, అరచేతి వెడల్పున నీరు పొరలా అంటుకొని ఉంది. నీటిని ఊదేయవలసిన బ్లోయర్ ఎదురుగాలికి చాలడం లేదు. మెత్తని గుడ్డతో తుడిచిన కొద్ది నిమిషాలకే ఆ వెచ్చదనం మాయమైంది. ఆ తరువాత నడినెత్తికి బదులు, గాలివాలు వైపుకు ఏటవాలుగా చూసిన కొలతలనే వానవేళ ఎక్కువగా వాడుకున్నాం. జోరువాన పడుతున్నప్పటి కొలతలను మాత్రం పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం.

అయినా దాన్ని అక్కడ ఉంచడానికి బలమైన కారణం ఉంది. మామూలుగా బెలూన్లను రోజుకు రెండుసార్లే వదులుతారు. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా పీ-3, జీ-4 విమానాలూ, అమెరికా వైమానిక దళ రిజర్వు డబ్ల్యూసీ-130జే విమానాలూ జారవిడిచే డ్రాప్‌సోండ్‌లు (పారాచూట్‌తో దిగుతూ గాలిని కొలిచే చిన్న పరికరాలు) ప్రధానంగా సముద్రం మీద పడతాయి. కాబట్టి తుపాను నేలమీదికి వచ్చాక అడుగు 2 కిలోమీటర్ల గాలి ఎలా మారుతుందో చెప్పే కొలతలు చాలా తక్కువ, రేడియోమీటర్‌కేమో కొద్ది నిమిషాలకొక కొలత ఉంటుంది. ఒక వాన పట్టీ వెళ్లి మరొకటి వచ్చేలోపు అడుగు గాలి ఎంత చల్లబడింది, మళ్లీ ఎంతసేపటికి వేడెక్కి తేమ పట్టింది, నేలవైపు నుంచి పొడిగాలి చొరబడుతోందా అన్నవి మేము ఆ విరామాల్లోనే చూశాం. బయటి పట్టీల్లో టోర్నడోలు పుట్టే అవకాశాన్ని అంచనా వేయడానికి ఈ వివరాలే కావాలి. పైగా మబ్బు అడ్డం వస్తే ఇన్‌ఫ్రారెడ్ పరికరాలకు దాని పైన ఏముందో తెలియదు, మైక్రోవేవ్ మబ్బును దాటి చూస్తుంది.

మీరు ఇలాంటి పని మొదలుపెట్టబోతున్నట్లయితే ఒకటి రెండు మాటలు. కొలతలను ఉష్ణోగ్రతగా మార్చే న్యూరల్ నెట్‌వర్క్‌కు (ఉదాహరణల నుంచి నేర్చుకొనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు) ఆ ప్రాంతపు పాత బెలూన్ కొలతలతో శిక్షణ ఇస్తారు. వాటిలో హరికేన్ రోజులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, కనుక సరిగ్గా మనకు కావలసిన రోజునే అది తడబడుతుంది. అందుకే తుది ప్రొఫైల్‌ను, అంటే ఎత్తువారీ ఉష్ణోగ్రత, తేమల పట్టికను మాత్రమే కాక, ప్రతి చానెల్ ముడి బ్రైట్‌నెస్ టెంపరేచర్‌లను (అందిన వికిరణ బలాన్ని ఉష్ణోగ్రతగా చెప్పే అంకెలను) కూడా భద్రపరచండి, తరువాత మరో పద్ధతిలో మళ్లీ లెక్కగట్టుకోవచ్చు. 77 కెల్విన్ ద్రవ నత్రజనితో చేసే క్యాలిబ్రేషన్‌ను (తెలిసిన ఉష్ణోగ్రతతో పరికరాన్ని సరిచూడడాన్ని) తుపాను తేమ రాకముందే ముగించండి. మేము ఆలస్యం చేసిన ఒకసారి నత్రజని పోసిన పెట్టె అడుగున మంచులా తేమ పట్టి, ఆ పూటంతా వృథా అయింది. కప్పు తుడిచిన ప్రతిసారీ ఆ సమయాన్ని నిమిషంతో సహా పుస్తకంలో రాసుకోండి.